బాబీగారు దారికొచ్చిన వైనం

ఉయ్యూరు దాటి కాలవగట్టున రెండు మైళ్ళు నడిస్తే వచ్చే దేవాంగుల వీధిలో, యుద్ధం ముగిసిన ఏడు, మనుషులెవరికీ దక్కని మర్యాద ఒక కుక్కకు దక్కింది. దాని ఎత్తు జానెడు. ఒళ్ళంతా తెల్లబొచ్చు. ఆ బొచ్చులో వెతుక్కుంటే రెండు కళ్ళు, ఒక ముక్కు, ఆ ఒంటికి అక్కర్లేనన్ని పళ్ళు కనిపించేవి. పేరు బాబీ. వీధిలో దాన్ని వట్టి బాబీ అనే ధైర్యం ఎవరికీ లేదు. "బాబీగారు లేచారా?", "బాబీగారు పాలు పుచ్చుకున్నారా?" అని పలకరించి గానీ రామలింగం ఇంటి ముందు నుంచి ఎవరూ కదిలేవారు కాదు.

దీనికంతటికీ నూలే కారణం. అవి సర్కారే సరుకులు కొలిచి ఇచ్చే కంట్రోలు రోజులు. బెజవాడలో ఉండే నూలు ఇన్‌స్పెక్టరు వెంకటకృష్ణారావుగారు కాగితం మీద సంతకం పెడితే వీధికి నూలు వస్తుంది, మగ్గాలు ఆడతాయి. పెట్టకపోతే మగ్గం గుంటల్లో కోళ్ళు పొదుగుతాయి. అలాంటి మహానుభావుడు ఒకనాడు కారులో ఈ దారిన పోతూ వీధి మొదట్లో ఆగాడు. కారులో ఒక కుక్క ఉంది. అది అప్పుడే ఆయన కోటు మీద వాంతి చేసుకుంది. ఆయన దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి రామలింగం అరుగు మీద పెట్టి, "కాస్త దీన్ని చూస్తూ ఉండండి" అని వెళ్ళిపోయాడు. అంతే. ఎన్నాళ్ళు చూడాలో చెప్పలేదు. ఎలా చూడాలో చెప్పలేదు. చెప్పని సంగతులన్నీ వీధివాళ్ళు తలో చెయ్యీ వేసి పూరించుకున్నారు.

రామలింగం ఆ వీధికి పెద్ద. యాభై ఏళ్ళవాడు. తలపాగా లేకుండా తన వాకిట్లోకి కూడా అడుగు పెట్టడు. అన్నదమ్ముల తగువులూ, గోడల హద్దులూ, మగ్గం మీద మాటపట్టింపులూ అన్నీ అతని అరుగు మీదే తేలేవి. అతని మాటకు ఆ వీధిలో ఎదురు లేదు. కుక్కను అప్పగించినందుకు అతని ఛాతీ నాలుగంగుళాలు పెరిగింది. "ఇంతమంది ఉండగా నా అరుగు మీదే పెట్టాడంటే ఆలోచించండి" అని పదిమందికీ చెప్పుకున్నాడు. కారు ఆ అరుగు ముందు ఆగింది కాబట్టి అక్కడ పెట్టాడన్న ఆలోచన ఎవరికీ తట్టలేదు.

తొలివారంలోనే బాబీగారు మగ్గం గుంటను పడకగదిగా స్వీకరించారు. గుంటలో కాళ్ళు పెట్టి చెక్కలు తొక్కితే గానీ నేత సాగదు. రామలింగం కాలు పెట్టగానే బాబీగారు బొటనవేలు పట్టుకునేవారు. దాంతో ఆయన లేచేదాకా రామలింగం చేతులు కట్టుకుని గట్టున కూర్చునేవాడు. రెండో వారం నుంచి పాలలో పంచదార లేకపోతే గిన్నె తన్నేసేవారు. పంచదార కూడా కంట్రోలే. రామలింగం భార్య చౌడేశ్వరమ్మ తన కాఫీలో మానేసి ఆ చెంచాడూ బాబీగారికి వేసింది. మూడో వారానికి, చేత్తో కలిపి ముద్దలు పెడితే తప్ప అన్నం ముట్టడం మానేశారు. ముద్ద ఆలస్యమైతే పెట్టే చేతినే కరిచేవారు. నేసి మడత పెట్టిన చీరల మీద పడుకోవడం, వచ్చిపోయేవాళ్ళ మడమలు పట్టుకోవడం, ఇన్‌స్పెక్టరుగారి కోసం తెప్పించిన, ఊళ్ళోకల్లా ఒకే ఒక్క కుర్చీలో కూర్చుని రామలింగాన్ని చూసి గుర్రుమనడం, ఇవన్నీ నిత్యకృత్యాలు. ఆ నెల నూలు సకాలంలో వచ్చింది. బాబీగారి చలవే అన్నారు. పై నెల పది రోజులు ఆలస్యంగా వచ్చింది. బాబీగారికి ఎక్కడో మర్యాద తగ్గి ఉంటుందన్నారు.

ఇంతవరకూ వీధి సంతోషంగానే భరించింది. చిక్కు పడుగు దగ్గర వచ్చింది.

మగ్గం ఎక్కించే ముందు పడుగుకు, అంటే నిలువు దారాలకు, గంజి పెట్టాలి. దానికి ఇంట్లో చోటు చాలదు. తెల్లవారగానే వీధిలో ఆ చివర ఈ చివర గుంజలు పాతి, దారాలన్నీ మోకాలెత్తున సాగదీసి కడతారు. గంజి పూసి, ఆరేలోగా అటూ ఇటూ నడుస్తూ కుంచెలతో దువ్వుతారు. ఎవరి పడుగైనా వీధి వీధంతా వచ్చి చెయ్యి వేస్తుంది. ఒక్క దారం తెగినా పక్కనున్నవాడు ముడి వేసేస్తాడు. పరిచిన పడుగును ఎవరూ దాటకూడదు, కింద నుంచి దూరకూడదు. ఎంత తొందరున్నా చివరిదాకా పోయి చుట్టూ తిరిగి రావాలి. అది వీధి దేవత చౌడమ్మ తల్లి కట్టడి. ఆ కట్టడికి కాపలాదారు రామలింగం. కిందటేడు రావమ్మ అనే ముసలావిడ, కోడలికి నొప్పులొస్తుంటే మంత్రసాని కోసం పరుగెత్తుతూ పడుగు కింద నుంచి దూరింది. రామలింగం ఆమెను తడిబట్టలతో అమ్మవారి గుడిముందు నిలబెట్టి, అందరి ఎదుటా తప్పు ఒప్పించాడు. అప్పటికి మనవడు పుట్టి మూడు రోజులయింది. ఆమె ఏడవలేదు, ఎదురు చెప్పలేదు. తప్పు తప్పేనంది.

ఇప్పుడు బాబీగారికి గంజి రుచి తెలిసింది. పడుగు సాగదీస్తే చాలు, కిందికి దూరి, ఎగిరి దారాలు పట్టుకుని, వేలాడుతూ గంజి నాకేవారు. మొదటిసారి బసవయ్య పడుగు పోయింది. రెండోసారి జక్కయ్యది సగం చిక్కుపడిపోయింది. నూలు దొరకని రోజుల్లో పడుగు పోవడమంటే ఇంటిల్లిపాదీ నెల రోజులు చేతులు ముడుచుకు కూర్చోవడం. రెండుసార్లూ రామలింగం అక్కడే ఉన్నాడు. "బాబీగారూ, తప్పండీ" అని బతిమాలాడే గానీ గట్టిగా ఒక్క మాట అనలేకపోయాడు.

ఆ సాయంత్రం అరుగు దగ్గర అందరూ చేరారు. రావమ్మ వెనకాల నిలబడి నింపాదిగా అడిగింది.

"ఏం రామలింగం, బాబీగారికి తడిబట్టలు ఎప్పుడు కట్టిస్తావు?"

ఎవరో కిసుక్కున నవ్వారు. రామలింగానికి ఒళ్ళంతా మండిపోయింది. మండటానికి కారణం ఆమె అన్నది అబద్ధం కాకపోవడమే. తండ్రి కాలం నుంచి వస్తున్న పెద్దరికం, ఒక జానెడు కుక్క ముందు పరువు పోగొట్టుకుంటోంది.

"వచ్చే నెల నా పడుగు పరుస్తాను. అప్పటికి దీన్ని దారిలో పెడతాను. అది మళ్ళీ పడుగు దాటితే ఈ తలపాగా తీసి మీ ముందు పెట్టి, పెద్దరికం వదులుకుంటాను. పడుగు కట్టడి నా వీధిలో ఎవరికైనా ఒకటే" అన్నాడు లేచి నిలబడి.

మాట పెద్దదే. లోపలికి వచ్చాక గానీ దాని బరువు తెలియలేదు. కుక్కను కొడితే ఇన్‌స్పెక్టరుకు తెలుస్తుంది. కొట్టకపోతే పెద్దరికం పోతుంది. భార్య ముందు చతికిలబడి, "ఇప్పుడేం చెయ్యనే?" అన్నాడు.

"కాలవ అవతల పేటలో మరియదాసు ఉన్నాడుగా. బెజవాడ రైల్వే దొర బంగళాలో పన్నెండేళ్ళు కుక్కల్ని చూసుకున్నాడట. దొర ఓడెక్కి సీమకు పోయాక ఇంటికొచ్చేశాడు. కబురు పంపించండి. పన్నెండేళ్ళు దొరకుక్కలతో వేగినవాడు ఇన్‌స్పెక్టరు కుక్కతో వేగలేడా?" అంది చౌడేశ్వరమ్మ.

మర్నాడు మరియదాసు వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, తొందరలేని మనిషి. రామలింగం అతన్ని వాకిట్లోనే నిలబెట్టాడు. పేటవాళ్ళను అరుగు ఎక్కనివ్వడం ఆ ఇంటి ఆచారం కాదు. ఆచారాలు అంత గట్టిగా పాటించే ఆ ఇంట్లో, పట్టెమంచం మీద దుప్పటి పరుచుకుని బాబీగారు కాళ్ళు చాపుకుని పడుకుని ఉన్నారు. మరియదాసు మంచాన్నీ చూశాడు, తను నిలబడ్డ నేలనూ చూశాడు.

"కుక్క పేరేంటండీ?"

"బాబీగారు."

"ఏం గారు?"

"బాబీగారయ్యా. ఇన్‌స్పెక్టరుగారి తాలూకు."

"ముందు ఆ గారు తీసెయ్యండి. కుక్కకి గారంటే తెలవదు. కానీ గారు అనేటప్పుడు మీ నడుం వంగుతోంది చూశారూ, అది దానికి బాగా తెలుస్తది."

రామలింగం చటుక్కున నడుం నిటారు చేసుకున్నాడు. లోపల చౌడేశ్వరమ్మ నవ్వు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకుంది.

మరియదాసు పద్ధతి చూసి రామలింగం మొదట నిరాశపడ్డాడు. మంత్రమో, మూలికో ఉంటుందనుకున్నాడు. ఇవేవీ లేవు. పూటకోసారి ఒకే చోట గిన్నె పెట్టాలి. తింటే తింటుంది, లేకపోతే తీసెయ్యాలి. చేత్తో ముద్ద పెట్టకూడదు. మొరిగితే వీపు తిప్పి నిలబడాలి. కరిస్తే బయట గొలుసు వేసి కాసేపు ఒంటరిగా వదిలెయ్యాలి. చెప్పే మాట ఒక్కసారే, మెల్లగా చెప్పాలి. ఇంట్లో అందరూ ఒకేలా చెప్పాలి. "కొట్టొద్దు, బతిమాలొద్దు. రెండూ ఒకటేనండి. రెంటికీ మనం భయపడ్డామనే దానికి అర్థం" అన్నాడు.

చౌడేశ్వరమ్మ ఆ పూటే పంచదార మానేసింది. ఎన్నో నెలల తర్వాత ఆమె కాఫీ తియ్యగా తాగింది. బాబీ మాత్రం గిన్నె వైపు చూడలేదు. రెండో రోజూ చూడలేదు. మూడో రోజు మధ్యాహ్నానికి రామలింగానికి కళ్ళ ముందు ఇన్‌స్పెక్టరు, కంట్రోలు ఆఫీసు, ఖాళీ మగ్గాలు, చివరికి పోలీసులు కూడా కనపడటం మొదలైంది. భార్య నూలు చుట్టుకుంటూ ఉండగా పెరట్లోకి పోయి, కుక్క ముందు కూర్చుని, "బాబీగారూ, ఈ ఒక్క గుక్క" అని గిన్నెడు పాలు పోశాడు. పంచదార మూడు చెంచాలు వేశాడు, పాత బాకీ తీర్చినట్టు.

సాయంత్రం మరియదాసు కుక్క మీసాలు చూశాడు. తెల్లకుక్క మీసాల మీద పాల మరక ఎలా కనిపెట్టాడో భగవంతుడికే తెలియాలి.

"నాలుగు రోజుల్లో కుక్క నేర్చుకునేదండి. మీరు నేర్చుకోవడానికి ఇంకెన్ని రోజులు పడతాయో చెప్పండి, ఆ లెక్కన వస్తాను" అన్నాడు.

"అది మాట్లాడుతుందటండీ? ఇన్‌స్పెక్టరుగారితో చెబుతుందటండీ?" అని చౌడేశ్వరమ్మ మొగుణ్ణి నిలదీసింది. ఆ రోజు నుంచి కుక్క తిండి వేళకు అతన్ని బయటికి పంపించేసేది.

అయిదో రోజున బాబీ గిన్నెలో పెట్టిన వట్టి మజ్జిగన్నం గిన్నె మెరిసేదాకా నాకింది. ఎనిమిదో రోజున మగ్గం గుంట ఖాళీ చేసింది. తర్వాత మరియదాసు పెరట్లో మోకాలెత్తున ఒక పురికొస కట్టి, దానికి గంజి పూశాడు. ఒక పక్క కుక్క, రెండో పక్క గిన్నె. కుక్క పురికొస కిందికి దూరబోతే "ఆగు" అని మెల్లగా చెప్పి, గిన్నె ఎత్తేసేవాడు. చివరిదాకా పోయి చుట్టూ తిరిగి వస్తే గిన్నె దక్కేది. బాబీ మొదటి రోజు అరిచింది, రెండో రోజు అలిగింది, మూడో రోజు ఆలోచించింది. వారం తిరిగేసరికి పురికొస కనపడితే చాలు, చివర ఎక్కడుందా అని వెతుక్కుంటూ పరుగెత్తేది. ఆశ్చర్యమేమిటంటే కుక్క సంతోషంగా కూడా ఉంది. కరవడం మానేసింది. బసవయ్య వస్తే తోక ఊపింది. ఇన్నాళ్ళూ ఏం చెయ్యాలో ఎవరూ చెప్పక పాపం విసిగిపోయి ఉంటుంది.

రామలింగం పడుగు రోజు వచ్చింది. రెండు నెలల నూలంతా ఆ ఒక్క పడుగులోనే ఉంది. తెల్లవారగానే ముప్పై గజాల మేర దారాలు సాగాయి. ఇరవై మంది కుంచెలు పట్టుకుని అటూ ఇటూ నిలబడ్డారు. గంజి వాసన వీధంతా కమ్ముకుంది. పడుగుకు అవతలి వైపున మరియదాసు గొలుసు విప్పాడు.

బాబీ పడుగు దాకా వచ్చింది. ముక్కు ఎగరేసి గంజి వాసన చూసింది. ఇరవై మంది కుంచెలూ ఆగాయి. కుక్క కుడివైపు తిరిగి, పడుగు వెంబడే పరుగెత్తి, చివరి గుంజ చుట్టూ తిరిగి, ఇవతలికి వచ్చి, అరుగు ముందు బుద్ధిగా కూర్చుంది.

"దారికొచ్చిందే!" అంది రావమ్మ. మనస్ఫూర్తిగానే అంది.

రామలింగం తలపాగా సర్దుకున్నాడు. ఇలాంటి సందర్భంలో ఊరుకుని కుంచె పట్టుకుంటే బాగుండేది. కానీ పెద్దరికానికి ఊరుకోవడం చేతకాదు. "చూశారుగా? ఇన్‌స్పెక్టరుగారి కుక్క అయితేనేం, సాక్షాత్తూ లాటుసాహేబు కుక్క అయితేనేం. పడుగు ముందు అందరూ ఒకటే. ఈ వీధిలో నేనుండగా ఎవరూ దీన్ని దాటలేరు" అని ఉపన్యాసం ఇచ్చాడు. అందరూ నిజమే నిజమే అన్నారు. ఆ క్షణాన వాళ్ళు నిజంగానే అతన్ని చూసి గర్వపడ్డారు.

వీధి మొదట్లో కారు ఆగింది.

వెంకటకృష్ణారావుగారు దిగారు. బూట్లు, కోటు, చంకలో కాగితాల కట్ట. ఆయన పడుగుకు అవతలి వైపున ఉన్నారు. రామలింగం ఇల్లు ఇవతల ఉంది. ఆయన చిరునవ్వుతో తిన్నగా నడిచి వస్తున్నారు. పడుగుకూ ఆయనకూ మధ్య పదడుగులు. ఎనిమిది. అయిదు. అందరూ రామలింగం వైపు చూశారు. అతనికి చెప్పవలసిన మాట తెలుసు. నాలుక దాకా వచ్చింది కూడా. ఈలోగా చేతులు వాటంతటవే జోడించుకున్నాయి, నడుం దానంతటదే వంగింది.

"దయచెయ్యండి బాబుగారూ, దయచెయ్యండి!" అన్నాడు రామలింగం.

ఆయన దయచేశారు. ఒక బూటుకాలు పడుగు మీదుగా ఇవతలికి వేశారు. రెండో బూటు దారాల్లో చిక్కుకుంది. ఆయన లాగారు. దారాలు పటపటమని తెగాయి. అరుగు ముందు బాబీ లేచి నిలబడి, ఆ బూట్ల వైపు చూస్తూ మొరిగింది.

చివరికి రావమ్మే ముందుకొచ్చి, "అయ్యా, పరిచిన పడుగు మేము దాటమండి. చుట్టూ తిరిగి వస్తాం" అంది, పొల్లుపోకుండా, మర్యాదగా.

ఇన్‌స్పెక్టరు కిందికి చూసుకున్నాడు. మనిషి మొహం పాలిపోయింది. "అయ్యయ్యో! నాకేం తెలుసమ్మా? చెబితే చుట్టూ తిరిగే వచ్చేవాణ్ణి కదా. రామలింగంగారే రమ్మంటేనూ..." అని నిజంగానే నొచ్చుకుంటూ, వంగి కాలికి చుట్టుకున్న దారాలు తన చేత్తో విడదీసుకున్నాడు.

వీధికి వచ్చిన నూలు కాగితాలు అరుగు మీద పెట్టాడు. అన్నీ సంతకాలయ్యే ఉన్నాయి. వెళ్ళబోతూ కుక్కను చూసి, "ఇదింకా ఇక్కడే ఉందా?" అని ఆశ్చర్యపోయాడు. "మా ఇంట్లో మునుపు అద్దెకున్నవాళ్ళు వదిలేసి పోయారండీ. ఎవరికైనా ఇచ్చెయ్యమని మా ఆవిడ గోల. ఇచ్చేసే ఉంటారనుకున్నాను. బుద్ధిగా ఉంది, ఉంచేసుకోండి" అన్నాడు. పడుగు చివరిదాకా నడిచి, గుంజ చుట్టూ తిరిగి, కారెక్కి వెళ్ళిపోయాడు.

మొదట జక్కయ్య కుంచె కింద పెట్టాడు. ఆ తర్వాత బసవయ్య. ఒకరి వెనక ఒకరు, ఒక్క మాట కూడా అనకుండా, ఎవరింటికి వాళ్ళు వెళ్ళిపోయారు. తిట్టినా బాగుండేది. రావమ్మ అందరికంటే చివర వెళ్ళింది. మరియదాసు గొలుసు చుట్టి అరుగు మీద పెట్టి, "నా పని అయిపోయిందండి" అని సెలవు తీసుకున్నాడు. చౌడేశ్వరమ్మ గుమ్మంలో కాసేపు నిలబడి చూసి లోపలికి పోయింది.

ఎండ ఎక్కుతోంది. గంజి ఆరిపోతే దారాలు కర్రల్లా బిగుసుకుపోతాయి. ఇరవై మంది చెయ్యవలసిన పని ముందు రామలింగం ఒక్కడే, అవతలి వైపున నేల మీద కూర్చుని, తెగిన దారం కొస ఒకటి పట్టుకుని, రెండో కొస కోసం వెతుక్కుంటున్నాడు. కళ్ళు మసకబారి కొస కనపడలేదు. సిగ్గు కొద్దీ ఏడుస్తున్నాడు. తలపాగా తీసి దాంతోనే కళ్ళు తుడుచుకున్నాడు.

ఇవతల అరుగు ముందు నుంచి బాబీ అతన్ని చూసింది. మధ్యలో తెగిన దారాల సందు ఉంది, నిక్షేపంగా దూరి రావచ్చు. అది ఆ సందు దాకా వచ్చి ఆగింది. తర్వాత పడుగు చివరిదాకా పరుగెత్తి, చుట్టూ తిరిగి వచ్చి, అతని పక్కన కూర్చుంది. రామలింగానికి దాని మొహం చూడటానికి ధైర్యం చాల్లేదు.